ఇల్లుబండి కొనుటకు ముందు దాని ఎముకలు చూడవలెను

గత నెల మన సంఘ భవనమున జరిగిన సమావేశములో ఎనిమిది కుటుంబములవారు కలసి ఒక మోటారు గృహమును కొనవలెనని చేసిన ప్రతిపాదనను చదువరులు వినియే యుందురు. పరుండుటకు పడకలు, వండుకొనుటకు పొయ్యి, స్నానాదులకు చిన్న గది గల ఈ బండిని మన కుఱ్ఱవారు క్యాంపరు అనియు, పత్రికలవారు కారవాన్ అనియు వ్యవహరించుచున్నారు. సమావేశమునకు వచ్చిన ఒక అవ్వగారు మాత్రము మొదటినుండి చివరివరకు 'ఇల్లుబండి' అనియే పలికిరి. ఆ మాట మాకు నచ్చినది గావున ఇచ్చట దానినే వాడుచున్నాము.

ఈ ప్రతిపాదనను ధనికుల వేడుక యని పరిహసించినవారును కొందరు గలరు. మేము వారితో ఏకీభవింపము. ఆనేకల్‌లో మనము ఎన్ని తరములుగా స్థిరపడినను, మన మొక్కులు తిరుపతిలోను, అహోబిలములోను, మంత్రాలయములోను ఉన్నవి. మన వియ్యములు అనంతపురములోను, చిత్తూరులోను, కడపలోను ఉన్నవి. ఆ దారుల వెంబడి హోటళ్లు పెరిగినవి, పెట్రోలు బంకులు పెరిగినవి. ఆడవారు నిస్సంకోచముగా వాడదగిన మరుగుదొడ్లు మాత్రము ఆ లెక్కను పెరుగలేదు. మన యిండ్లలోని పెద్ద ముత్తైదువలు ప్రయాణమునకు ముందు రాత్రినుండియే నీరు త్రాగుట మానివేయుదురు. చక్కెర వ్యాధి గల ఒక అమ్మగారు ఈ ఒక్క కారణముచేతనే పుట్టినూరికి పోవుట మానుకొన్నారు; ఆమె తమ్ముని మనుమరాలి పెండ్లిని సెల్‌ఫోనులో చూచిరి. ఆమెను తిరిగి దారి పట్టించగల బండి వేడుక కాదు, అవసరము. మా అభ్యంతరము బండిని గూర్చి కాదు, బండిని ఎన్నుకొనుచున్న తీరును గూర్చి.

సమావేశము ముందుకు రెండు బండ్లు వచ్చినవి. మొదటిది తొమ్మిదేండ్లు ప్రయాణికులను మోసిన ఒక పాత వ్యాను. దానిని ఒక షెడ్డులో ఇల్లుబండిగా మార్చినారు. రెండవది, కొత్త చాసిస్‌పై ఆమోదము పొందిన నిర్మాతలు కట్టినది. మొదటిదాని ధర రెండవదానిలో సుమారు సగము. మొదటిదానిలో టేకు రంగు పలకలు, కప్పునుండి జాలువారు నీలపు దీపములు, గోడంత టీవీ, వెనుకకు వాలు కుర్చీలు ఉన్నవి. రెండవది చూచుటకు ఆసుపత్రి గదివలె ఉన్నది. కిటికీలు చిన్నవి, గోడలు తెల్లనివి. ఛాయాచిత్రములు చేతులు మారిన పిమ్మట చేతులెత్తుమనగా, అత్యధికులు మొదటిదానికే ఎత్తిరి.

ఇంకొక ముచ్చట చెప్పకుండ ఉండలేము. బండిపై సంఘము పేరు ఏ లిపిలో వ్రాయించవలెనను చర్చకు గంటన్నర కాలము పట్టెను. ఇరుసులు, చక్రములు, ఆపుదల సాధనములను గూర్చిన మాట పది నిమిషములలో ముగిసెను. (తెలుగున ఒక ప్రక్క, కన్నడమున ఒక ప్రక్క వ్రాయించుటకు రెండు డబ్బాల రంగు చాలును. ఆ విషయమింతటితో ముగిసినదని భావింతుము.)

మన తాతలు బండి కొనిన తీరు ఇది కాదు. ఎద్దుబండి కొనువాడు గూడుమీది చాపను చూడడు. చక్రము ప్రక్కన కూర్చుండి ఆకులు ఒక్కొక్కటిగా కదలించి చూచును. నల్లతుమ్మ కొయ్యయా, మరియొకటియా అని గోటితో గీచును. ఇరుసు వద్ద చెవి పెట్టి, చక్రమును త్రిప్పించి చప్పుడు వినును. పిమ్మట ముగ్గురిని ఎక్కించి, మొగ్గు చూచును. బండి ముందుకు మొగ్గినచో కాడి ఎద్దుల మెడలను నలుపును. వెనుకకు మొగ్గినచో కాడి పైకి లేచి మెడత్రాడు గొంతుకు బిగియును. గూడు, చాప, గంటలు, కుచ్చులు అన్నియు ఆ తరువాతనే. చదువు లేని ఆ పెద్దలు చూచినదానిని, ఇంజనీరింగు చదివిన మన బిడ్డలు సమావేశమున అడుగలేదు.

మాకు ఈ విషయమున ఇంత పట్టుదల ఏలయని అడుగువారికి ఒక అనుభవము విన్నవింతుము. కొన్నేండ్ల క్రిందట మేము బంధువులతో కలసి ఒక ఇల్లుబండిని అద్దెకు తీసికొని అహోబిలమునకు పోయితిమి. బయలుదేరిన నాడు దానిని చూచినవారందరు మెచ్చుకొనిరి. మైదుకూరు దాటునప్పటికి వాన పట్టుకొన్నది. మొదట పడకపైని కప్పు అంచున చెమ్మ కనబడెను. గంటలోపల బొట్టు బొట్టుగా దిండ్లపై పడజొచ్చెను. స్నానపు గది తలుపు సాధారణమైన ప్లైవుడ్డుతో చేసినదై యుండుటచే చెమ్మకు ఉబ్బి, చట్రములో బిగుసుకొనిపోయెను. మా పెద్దమ్మగారు ఆ గదిలోపల ఇరువది నిమిషములు చిక్కుపడిరి. స్క్రూడ్రైవరుతో తలుపు బందులు ఊడదీసి ఆమెను వెలుపలికి తెచ్చితిమి. ఆమె తరువాత నవ్విరి గాని, మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ ఇరువది నిమిషములలో పొయ్యి వద్ద మంట లేచియుండినచో ఏమగునను ఆలోచన నేటికిని మమ్ము వదలలేదు.

ఇల్లుబండికి తొలి శత్రువు దారి కాదు, నీరు. ఇల్లు కదలదు, బండి ప్రతి గుంటలోను మెలిపడును. మెలిపడిన ప్రతిసారి కిటికీ అంచులు, కప్పు అతుకులు, దీపపు తీగ కొరకు కొట్టిన రంధ్రములు ఒక్కొక్క వెంట్రుకవాసి తెరచుకొనును. ఆ సందులో చేరిన నీరు గోడలోపల ఉన్న కొయ్యకు చేరి, పైకి ఏమియు కనబడకుండగనే సంవత్సరములతరబడి కుళ్లజేయును. అమెరికాలో ఈ వ్యాధి సుపరిచితము. అచ్చట చవుకరకపు బండ్లలో గోడలకు కొయ్య చట్రములు వేసి, పలకలను పిన్నులతో బిగించుట కలదు. అట్టివానిలో నీరు దిగిన గోడ పొరలు విడి, బొబ్బవలె ఉబ్బును. సెలవులలో ఇల్లుబండ్లు అద్దెకు తీసికొని యెల్లోస్టోనుకు పోవు మన పిల్లలు గోడపై చేయి వేసి చూచినచో ఈ మాట నిజమని తెలియును. అందుచేతనే ఎయిర్‌స్ట్రీమ్ వారు 1930ల దశకమునుండియు అల్యూమినియము రేకులను విమానమునకువలె రివెట్లతో అతికి, గుండ్రని కప్పు వేయుచున్నారు. జర్మనీలో హైమర్ వారు రెండు అల్యూమినియము రేకుల నడుమ నురుగు నింపిన గోడలను చేసిరి. దానిలో కుళ్లుటకు కొయ్యయే లేదు. 1966నుండి మోటారు గృహములు కట్టుచున్న విన్నెబాగో మొదలు నేటి కంపెనీల వరకు ఈ రంగమున పేరు నిలుపుకొనినవారి పోరాటము ముఖ్యముగా నీటితోడనే.

కాబట్టి మన సభ్యులు చూడవలసినది పలక రంగు కాదు. కప్పు ఒకే ఫైబరు పలకగా పోసినదా, లేక రెండు మూడు ముక్కలు అతికినదా? అతుకులున్నచో అవి ఎచ్చట ఉన్నవి? ప్రతి కిటికీ క్రింది మూలను బొటనవ్రేలితో గట్టిగా నొక్కవలెను. మెత్తగా దిగినచో ఆ బండి కథ ముగిసినట్లే. అలమరల లోపలి మూలలయందు ముక్కు పెట్టి వాసన చూడవలెను. ఎండకాలమున చూపించిన బండిని మరల నీళ్ల పైపుతో అరగంట తడిపి చూడవలెను. అల్యూమినియమును ఇనుమును నేరుగా అతికినచోట, చెమ్మ తగిలినంతనే అల్యూమినియము తెల్లని పొడిగా తినివేయబడును. నడుమ రబ్బరో రంగుపూతయో ఉన్నదా యని విచారించవలెను. ప్లైవుడ్డు వాడియున్నచో అది ఐ.ఎస్. 710 ముద్రగల మెరైన్ ప్లైవుడ్డా యని అడుగవలెను. ఆ ముద్ర పలకమీద ఉండును. అమ్మువాని నోటిలో ఉండదు.

ఇక బరువు. సమావేశమున ఎవ్వరును ఎత్తని మాట ఇదియే. ప్రతి చాసిస్‌కును నిర్మాత నిర్ణయించిన మొత్తపు బరువు ఒకటి ఉండును. మార్పు పూర్తియైన ఖాళీ బండిని తూకపు వంతెనపై నిలిపినచో వచ్చు అంకెను దానిలోనుండి తీసివేయగా మిగిలినదే మనకు చెందినది. ఉదాహరణకు మొత్తము 5,000 కిలోలు అనుకొందము. పడకలు, అలమరలు, టీవీ, బ్యాటరీలు అమర్చిన బండి 4,300 కిలోలు తూగినదనుకొందము. మిగిలినది 700. డ్రైవరుతో కలిపి ఎనిమిదిమంది, సగటున 60 కిలోల వంతున 480. నీళ్లు 150 లీటర్లు, అనగా 150 కిలోలు. నిలిచినవి 70 కిలోలు. దానిలోనే గ్యాసు బండ, పప్పు బియ్యములు, పాత్రలు, పరుపులు, ఎనిమిదిమంది బట్టలు. మన యిండ్లలోని ఒక్క పెండ్లి పెట్టె బరువెంతయో తల్లులను అడిగినచో తెలియును. పరిమితి మీరిన బండి ఆ నాడే కూలిపోదు. టైర్లు వేడెక్కును, బ్రేకు ఆలస్యముగా పట్టును, ఘాటు దిగునప్పుడు ఆ ఆలస్యము బయటపడును. అమ్మువారు తూకపు చీటీ ఇచ్చుటకు వెనుకాడినచో ఆ బండిని అచ్చటనే వదలి రావలెనని మా దృఢాభిప్రాయము.

బరువెంతయో తెలిసిన పిమ్మట అది ఎచ్చట ఉన్నదో చూడవలెను. మొదటి బండి చిత్రములను మేము మరల మరల చూచితిమి. స్నానపు గది, మలినజలపు తొట్టి, బ్యాటరీలు అన్నియు వెనుక ఇరుసుకు చాల వెనుకగా ఉన్నవి. నీళ్ల తొట్టి కప్పుమీద ఉన్నది. వెనుక వ్రేలాడు బరువు ముందు చక్రములను పైకెత్తును. చుక్కాని తేలికయైనదని డ్రైవరు సంతోషించును గాని, నిజమునకు ముందు టైర్లు రోడ్డును సరిగా పట్టుట లేదు. తాతలు చెప్పిన వెనుక మొగ్గు ఇదియే. వెనుక ఇరుసును దాటి వ్రేలాడు భాగము, రెండు ఇరుసుల నడిమి దూరములో నూటికి 60 వంతులకు మించరాదని 1989నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములలో ఉన్నది. కొలత టేపు ఉన్న ప్రతివారును దీనిని కొలువవచ్చును.

కప్పుమీది నీళ్ల తొట్టిని గూర్చి మనకు వేరుగా చెప్పవలసిన పని లేదు. మన తాలూకాలోనే హుస్కూరు మద్దూరమ్మ జాతరకు నూరడుగులకు మించిన తేరులు వచ్చును. 2024 ఏప్రిల్‌లో అట్టి తేరు ఒకటి ఒరిగి పడుటను మనలో అనేకులు చూచిరి. 2025 మార్చిలో మరల తేరులు కూలగా ఇద్దరు ప్రాణములు కోల్పోయిరి. ఎత్తున ఉన్న బరువు, ఇరుకైన పీఠము, ప్రక్కనుండి గాలి. ఈ మూడును కలిసినచో భక్తి యెంత గొప్పదైనను ఇరుసు దానిని లెక్కించదు. ఇల్లుబండియు ఎత్తైన పెట్టెయే. ఏసీ, సూర్యశక్తి పలకలు ఎట్లును కప్పుమీదనే ఉండక తప్పదు. కాబట్టి నీళ్లు, బ్యాటరీలు, గ్యాసు బండ నేలకు దగ్గరగా, రెండు ఇరుసుల నడుమ ఉండవలెను. నీళ్ల తొట్టిలో అడ్డుపలకలు కూడ ఉండవలెను. లేనిచో సగము నిండిన తొట్టిలో నీరు మలుపు మలుపునకు ఒక ప్రక్కకు పరుగెత్తి బండిని తన వెంట లాగును.

అగ్నిని గూర్చి వ్రాయుటకు మాకు చేయి రాకున్నను వ్రాయక తప్పదు. 2013 అక్టోబరు 30న బెంగళూరునుండి హైదరాబాదుకు పోవు బస్సు మహబూబునగరు జిల్లా పాలెము వద్ద కాలిపోగా 45 మంది మరణించిరి. 2025 అక్టోబరు 24న హైదరాబాదునుండి బెంగళూరుకు వచ్చు స్లీపరు బస్సు కర్నూలు సమీపమున చిన్నటేకూరు వద్ద మంటలలో చిక్కినది. 19 మంది ప్రయాణికులును, ఆ బస్సు క్రింద చిక్కిన ద్విచక్రవాహనము నడపినవాడును మరణించిరి. రెండును తెల్లవారుజామున, అందరు నిద్రలో ఉండగా జరిగినవి. రెండును మన పిల్లలు నెలనెల ప్రయాణించు దారిలోనివే. ఇల్లుబండి అనగా నిద్రించు గది, వంటిల్లు, బ్యాటరీల గది ఒక్కటిగా కలిసిన పెట్టె యని ఈ సంఘటనల పిమ్మటనైనను మనము గ్రహింపవలదా?

మొదటి బండికి తలుపు ఒకటియే. అది పొయ్యి ప్రక్కన ఉన్నది. వెనుక పడకనుండి వెలుపలికి రావలెనన్నచో పొయ్యిని దాటి రావలెను. వెనుక కిటికీ తెరచుకొనదు, ఏలయనగా టీవీ దానికి అడ్డముగా బిగింపబడినది. ఈ ఒక్క లోపము చాలును ఆ బండిని నిరాకరించుటకు. పడకవైపున రెండవ ద్వారము, లేదా తన్నినంతనే తెరచుకొను కిటికీ ఉండవలెను. దానిని డెబ్బదియేండ్ల మనిషి తెరచి చూడవలెను, అమ్మకపు కుఱ్ఱవాడు కాదు.

విద్యుత్తు విషయమున షెడ్లలో జరుగు పొరపాటు ఒకటి ఉన్నది. ఇంటి తీగలు బిగించుటలో ఆరితేరిన పనివాడు బండిలోను అదే తీగను వాడును. ఇంటిలో 230 వోల్టులు. బండి బ్యాటరీలో 12. అంత శక్తినే 12 వోల్టులతో పంపవలెనన్నచో సుమారు పందొమ్మిది రెట్లు ఎక్కువ కరెంటు ప్రవహించవలెను. ఆ ప్రవాహమునకు సన్నని తీగ చాలదు. చెక్కపలక వెనుక, నురుగు నడుమ, ఎవరికిని కనబడకుండ వేడెక్కును. బ్యాటరీకి జానెడు దూరములోనే ఫ్యూజు ఉండవలెను. రాత్రియంతయు ఏసీ నడచునని చెప్పు మాటను కూడ ఒక లెక్కతో తేల్చవచ్చును. 12 వోల్టుల, 200 ఆంపియర్-గంటల బ్యాటరీలో ఉండునది 2,400 వాట్-గంటలు. ఒక టన్ను ఏసీ గంటకు సుమారు వేయి వాట్-గంటలు తినును. రెండు గంటలు దాటిన పిమ్మట విసనకఱ్ఱయే గతి.

గ్యాసు గాలికంటె బరువైనది. కారినచో పైకి పోక నేలపై పరచుకొని, పడక క్రింద చేరును. కాబట్టి బండ ఉంచు అర లోపలివైపు మూసియుండి, అడుగున వెలుపలికి రంధ్రము ఉండవలెను. మేము చూచిన చిత్రములో బండ సింకు క్రింద, బట్టల అరలకు ఆనుకొని ఉన్నది.

తెల్లని గోడల రెండవ బండిని మేము పూర్తిగా మెచ్చుకొనుచున్నామని తలపవద్దు. దాని గోడలు దళసరివి, కిటికీలు చిన్నవి. ఏప్రిల్‌లో రాయలసీమ ఎండలో ఆ చిన్న కిటికీల విలువ తెలియును. తొట్టి ఇరుసుల నడుమ ఉన్నది, తలుపులు రెండున్నవి. ఐనను దానిని రూపొందించినవారు మన వంటను ఎరుగరు. పోపు వేసినచో పొగ పోవు మార్గము లేదు. దోసె పెనము పొయ్యిపై పట్టదు. ఎక్కు మెట్టు మోకాలికంటె ఎత్తున ఉన్నది. మోకాళ్ల నొప్పిగల పెద్దలు ఎక్కుటెట్లు? పట్టుకొనుటకు ఒక కమ్మియైనను లేదు. అన్నింటికంటె ముఖ్యము, మరుగుదొడ్డి. అది విదేశపు పద్ధతిలో వెలుపలికి లాగి మోసికొనిపోదగిన పెట్టె గలది. అట్టి పెట్టెలో సాధారణముగా పట్టునది ఇరువది లీటర్లకు లోపు. దంపతులిద్దరికి రెండు దినములు చాలవచ్చును. ఎనిమిదిమందికి సాయంకాలములోపలనే నిండును. దానిని ఎచ్చట ఖాళీ చేయుదుము? విదేశములలో ఇల్లుబండ్ల విడుదులయందు అందుకు ప్రత్యేకపు గుంటలుండును. మన దేశమున అట్టి విడుదులు చాల తక్కువ. కేరళ ప్రభుత్వము 2021లో కేరవాన్ కేరళ అను పథకమును ప్రకటించినపుడు బండ్లతోపాటు విడుదులకును చోటు కల్పించుట వారి దూరదృష్టి. మన దారిలో మాత్రము దిగిన యింటి మరుగుదొడ్డియో, సత్రపుదియో శరణ్యము. దారి ప్రక్క కాలువలో వదలెదమని సమావేశమున ఒకరు తేలికగా అనిరి. ఆ కాలువ ప్రక్కనే పల్లె ఉండును. ఆ పల్లెలో మన మేనత్త ఇల్లే ఉండవచ్చును.

అమ్మగారు నీరు త్రాగి ప్రయాణము చేయవలెనన్న కోరికతో కొను బండిలో మరుగుదొడ్డియే చిన్నదైనచో, మిగిలిన సొగసులతో పని యేమి? నిర్మాతలతో మాటలాడి పెద్ద తొట్టి అమర్చగలరా యని తెలిసికొనవలెను. బరువు లెక్క దానికి అనుమతించునా యని వెంటనే చూడవలెను. ఒకటి కలిపినచో మరొకటి తీయవలసి వచ్చును. మా ఓటు టీవీని తీయుటకే.

చట్టపు మాట రెండు ముక్కలలో చెప్పెదము. 1988నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ విభాగము ప్రకారము నిర్మాత తెలిపిన వివరములకు విరుద్ధముగా వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టు ఈ సంగతినే స్పష్టపరచెను. మోటారు కారవానులకు ఏ.ఐ.ఎస్. 124 అను ప్రత్యేక ప్రమాణము కలదు. మొదటి బండి రిజిస్ట్రేషను పత్రములో అది నేటికిని ప్రయాణికుల వ్యాను గానే ఉన్నది. ప్రమాదము జరిగినచో బీమా కంపెనీ మొదట చదువునది ఆ పత్రమునే. చవుకగా వచ్చిన సగము ధర ఆ నాడు ఎవరి చేతినుండి పోవునో సభ్యులు ఆలోచింపవలెను.

షెడ్డు పనివారు చేతకానివారని మేము అనుటలేదు. బొమ్మసంద్ర, జిగణి ప్రాంతములలో వెల్డింగు చేయువారిలో మన బిడ్డలును ఉన్నారు. వారి పనితనము మేమెరుగుదుము. కర్మాగారపు పేరు ఉన్నంతమాత్రమున బండి మంచిది కాదనియు పైన వ్రాసిన మాటలే చెప్పుచున్నవి. తేడా ఎచ్చటనన, దాచుటలో. ఒక షెడ్డు యజమాని తాను కట్టు ప్రతి బండికి, పలకలు బిగించుటకు ముందు, చట్రమును, తీగలను, పైపులను ఛాయాచిత్రములు తీసి కొనువారికి ఇచ్చుట మేము స్వయముగా చూచితిమి. చాసిస్ కమ్ములకు అడ్డదిడ్డముగా రంధ్రములు కొట్టక, ముందే ఉన్న రంధ్రములనే వాడుకొనుటను ఆయన చూపించెను. అట్టివానివద్ద సగము ధరకే దొరికినను, పత్రములు సక్రమమైనచో, మేము మొదట చేయి ఎత్తుదుము. మన ముందుకు వచ్చిన మొదటి బండికి మాత్రము అట్టి చిత్రము ఒక్కటియు లేదు. అడిగితిమి. పలకలు విప్పుట కుదరదని సమాధానము వచ్చినది.

కాబట్టి మా ప్రతిపాదన ఇది. వచ్చు సమావేశమున ఓటు తీసికొనకుండ, నిర్ణయమును ఒక నెల వాయిదా వేయవలెను. ఈలోపల రెండవ బండివంటి దానిని ఒక రాత్రికి అద్దెకు తెచ్చి, సంఘ భవనపు ఆవరణములో నిలిపి, నాలుగు కుటుంబములవారు దానిలో వండి, తిని, పరుండవలెను. ముఖ్యముగా అరువది దాటిన స్త్రీలు. వారు మరునాడు చెప్పు మాటలను ఒక కాగితముపై వ్రాసి నిర్మాతలకు పంపవలెను. అద్దె సొమ్ములో కొంత మేము భరించుటకు సిద్ధము.

మొదటి బండి యజమాని వచ్చు ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు దానిని మరల భవనము వద్దకు తెచ్చుటకు అంగీకరించినారు. పెద్దమనిషితనముతో ఒప్పుకొన్నందులకు వారికి మా కృతజ్ఞతలు. తూకపు వంతెనకు తీసికొనిపోవుటకును, నీళ్ల పైపుతో తడుపుటకును వారు అభ్యంతరము చెప్పలేదు. చూడగోరు సభ్యులు ఒక టార్చిలైటు, కొలత టేపు తెచ్చుకొని, బండి క్రింద దూరుటకు తగిన పాత బట్టలతో రాగలరు. నీళ్ల పైపు మేము తెత్తుము.